చీటీ మీది నంబరు

జంషెడ్‌పూర్‌లోని కదమాలో మాది మందుల షాపు. చీటీ చేతికి రాగానే మందుల పేర్ల కంటే ముందు డాక్టరు పేరు కింద చూస్తాను. అక్కడ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనవాళ్లు చాలామంది ఆ అంకెల వైపు చూడనే చూడరు. వాటి వెనుక నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది.

ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టింది 1919లో. అంతకు ముందే, 1916లో, ఈ ఊరున్న సింగ్‌భూమ్ జిల్లా బిహార్–ఒరిస్సా ప్రావిన్సులో ఉన్నప్పుడు, డాక్టర్ల పేర్లు నమోదు చేసే అక్కడి వైద్య చట్టం వచ్చింది. మద్రాసులో 1914లోనే వచ్చేసింది. టాటా కంపెనీ 1915 నుంచే కార్మికులకు ఉచిత వైద్యం ఇస్తోంది. అంటే ప్రావిన్సు డాక్టర్ల పట్టీ రాయడం మొదలుపెట్టేసరికే ఇక్కడి కార్మికుడికి ఆస్పత్రి తలుపు తెరిచి ఉంది.

అయితే ఆనాటి ప్రావిన్సు చట్టాలు చదివిన డాక్టర్ల పేర్లు నమోదు చేశాయే గాని, చదవనివాణ్ణి వైద్యం చేయకుండా ఆపలేదు. పట్టీలో పేరు లేనివాడు అల్లోపతి వైద్యం చేయకూడదని 1956 నాటి కేంద్ర వైద్య కౌన్సిల్ చట్టానికి 1964లో సవరణ తెచ్చారు. శిక్ష ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. మనిషి ప్రాణంతో ఆడుకున్నవాడికి వెయ్యి రూపాయలు! అది అయిదు లక్షల దాకా పెరగడానికి 2019 చట్టం రావాల్సి వచ్చింది.

2000లో జార్ఖండ్ ఏర్పడ్డాక పట్టీ కొత్త రాష్ట్ర కౌన్సిల్‌కు వచ్చింది. నంబరు క్లినిక్‌లో, చీటీ మీద, రసీదు మీద కనిపించాలని కేంద్ర వైద్య కౌన్సిల్ 2002 నిబంధనలు చెప్పాయి. రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలన్నదీ వాటిలోనే ఉంది. నా దృష్టిలో రోగికి దక్కిన అతి పెద్ద హక్కు ఇదే.

మా వీధిలో ఒక పిన్నిగారికి నర్సింగ్ హోమ్ నుంచి వచ్చాక నొప్పి తిరగబెట్టింది. కేస్ షీట్ అడిగితే, ‘అది మా దగ్గరే ఉంటుంది’ అన్నారు. నేనే హిందీలో అర్జీ రాసిచ్చాను. మూడో రోజుకు జిరాక్సులు చేతికొచ్చాయి. ఒక పేజీ అంచున, పెన్సిలిన్ పడలేదని చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆస్పత్రిలో చేరిన మీవాళ్ల రికార్డులు నోటిమాటగా అడగకండి. తేదీ వేసి కాగితం మీద అడగండి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. 72 గంటలు అప్పటి నుంచే లెక్క.