అమ్ముడుపోయిన సాక్ష్యం

1995లో ఆల్టావిస్టా వచ్చిన కొత్తల్లో అలాంటి సెర్చ్ ఇంజన్లు చాలావరకు పేజీ చెప్పుకున్న మాటే నమ్మేవి. ఒక పదం ఎక్కువసార్లు కనిపిస్తే ఆ పేజీ దాని గురించే అనుకునేవి. దాంతో తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు పుట్టుకొచ్చాయి. చూడ్డానికి అడుగున ఖాళీ జాగా. అక్కడ మౌస్ నొక్కిపట్టి లాగితే ఒకే పదం వరసలు వరసలుగా బయటపడేది.

1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌తో వేరే దారి పట్టారు. ఎవరైనా తన గురించి తాను చెప్పుకునేదానికన్నా ఇరుగుపొరుగు చెప్పేదే నమ్మదగ్గదని వాళ్ల లెక్క. ఒక పేజీ మరో పేజీకి ఇచ్చే లింకు సాక్ష్యం లాంటిది. పేరున్న పేజీ సాక్ష్యానికి బరువెక్కువ. గొప్ప ఆలోచన అది. కానీ సాక్ష్యానికి ధర పలకగానే దొంగసాక్షులు తయారయ్యారు. ఒకదానికొకటి లింకులిచ్చుకోవడానికే సైట్లు పుట్టాయి, లింకులమ్మే దళారులు వచ్చారు. ఈ పనులన్నిటికీ 'బ్లాక్ హ్యాట్' అన్న పేరు స్థిరపడింది.

2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ జర్మన్ సైటును గూగుల్ తన ఫలితాల్లోంచి తీసేసింది. 'పాత కారు' అనే అర్థమున్న జర్మన్ మాటతో నింపిన పేజీ సెర్చ్ ఇంజన్‌కి, బొమ్మలున్న వేరే పేజీ మనుషులకి చూపించారన్నది అభియోగం. ఆ పేజీలు తొలగించాక కొద్దిరోజులకే సైటు తిరిగొచ్చింది.

2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన అమెరికా దుకాణం జేసీ పెన్నీ వ్యవహారం ఇంకా పెద్దది. సంబంధం లేని వేలాది పేజీల నుంచి ఆ దుకాణానికి లింకులున్నాయి. సంగతి గూగుల్ చెవిన పడ్డాక ఒక సాయంత్రం 7 గంటలకు 'లివింగ్ రూమ్ ఫర్నిచర్' వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న దుకాణం 9 గంటలకల్లా 68కి పడిపోయింది. తమకు తెలియదంది కంపెనీ, ర్యాంకుల పని చూసే సంస్థను తీసేసింది. అప్పటికి క్రిస్మస్ బేరాలు అయిపోయాయి. ఆ పండగ నెలల్లో ఏ తప్పూ చేయకుండా కిందికి జరిగిపోయిన దుకాణాలే ఈ కథలో నా కళ్ల ముందు మెదులుతాయి. వాళ్లకు ఆ పండగ బేరం ఎవరు తిరిగిస్తారు?

2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ పేరుతో గూగుల్ లెక్క మార్చింది. కొన్న లింకు మేలు చేయకపోగా మెడకు చుట్టుకోవడం మొదలైంది. అక్కడే కొత్త భయం పుట్టింది: పోటీవాడే మన సైటుకి చెత్త లింకులు పెట్టిస్తే? ఆ అక్టోబరులో 'ఈ లింకులను లెక్కలోకి తీసుకోకండి' అని గూగుల్‌కి చెప్పుకునే సాధనం వచ్చింది. అంటే తన మీద పడ్డ దొంగసాక్ష్యాన్ని ఏరి చూపే పని బాధితుడిదే అయింది. ఇది నాకు న్యాయంగా తోచదు.

ఇప్పుడు ఈ మోసం మన ఇళ్లలోకీ వచ్చింది. డబ్బు పంపితే చేరలేదని బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు వెతికి, ఫలితాల్లో కనిపించిన నకిలీ నంబరుకు ఫోన్ చేసి, అవతలి గొంతు అడిగిన ఓటీపీ చెప్పినవాళ్లు మన సైబర్ క్రైమ్ స్టేషన్ల ముందు నిలబడుతున్నారు. పైన కనిపించిందంటే నిజమైనదే అయ్యుంటుందనుకుని వాళ్లు ఆ నంబరు నొక్కారు.