గుమ్మం బయట నిలబెట్టిన తల్లులు

నల్లవాళ్ళ పిల్లలకి చదువెందుకు రావడం లేదంటే అమెరికాలో చాలాకాలం ఒకటే జవాబు: ఇళ్ళు బాగోలేవు, తల్లిదండ్రులకి పట్టదు. ఈ జవాబు మనకి కొత్తేం కాదు. 'వీళ్ళకి చదువబ్బదు' అన్న మాట మన వాడల్లో ప్రతి తరమూ బడి గుమ్మంలో విన్నదే. అందుకే న్యూహేవెన్ నగరంలోని రెండు బడుల చరిత్రని మేం ఇక్కడ గుర్తుచేస్తున్నాం.

1960లలో ఆ ఊళ్ళో పునర్నిర్మాణం పేరుతో పేదల పేటల్ని పడగొట్టారు. 1967లో అల్లర్లు చెలరేగాయి. 1968లో యేల్ విశ్వవిద్యాలయంలోని నల్లజాతి మానసిక వైద్యుడు జేమ్స్ కోమర్ బృందం అక్కడి రెండు ప్రాథమిక పాఠశాలల్లో పని మొదలుపెట్టింది. పిల్లల్లో నూటికి 99 మంది నల్లవాళ్ళు, దాదాపు అందరూ పేదలే. ఊళ్ళోని 33 బడుల్లో చదువులో చిట్టచివరివి ఈ రెండే. కోమర్ కూడా పైనుంచి దిగొచ్చినవాడు కాదు. తల్లి ఇళ్ళల్లో పనిచేసింది, తండ్రి ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుడు.

కోమర్ ఒక సంఘటన రాశాడు. దక్షిణాది పల్లె నుంచి కొత్తగా వచ్చిన ఒక పిల్లవాణ్ణి పిన్ని బడిలో దింపి పనికెళ్ళిపోయింది. టీచరు మొహంలో విసుగు కనబడింది. బెదిరిన పిల్లవాడు ఆమెని కాలితో తన్ని పారిపోయాడు. పాత పద్ధతిలోనైతే శిక్షించి, 'చెడ్డపిల్లాడు' అని ముద్ర వేసేవాళ్ళు. ఇక్కడ ఆ భయానికి కారణం వెతికారు. కొత్తగా చేరే పిల్లల్ని ఎట్లా కలుపుకోవాలో బడే నేర్చుకుంది.

అసలు మార్పు అధికారంలో వచ్చింది. హెడ్‌మాస్టరు, టీచర్లు, తల్లిదండ్రులు ఒకే కమిటీలో కూర్చున్నారు. ఓట్లతో కాదు, అందరూ ఒప్పుకున్నాకే నిర్ణయం. తప్పు ఎవరిదని వేలెత్తి చూపడం మానేశారు. తల్లులు కొంత వేతనంతో తరగతి గదుల్లో పనిచేశారు. పిల్లల్ని రెండేళ్ళపాటు ఒకే టీచరు దగ్గర ఉంచారు. మధ్యలో ఒక బడి స్థానంలో మరో పేదల బడి చేరింది. 1984 నాటికి నాలుగో తరగతి పరీక్షల్లో ఈ బడులు ఊళ్ళో మూడు, నాలుగు స్థానాలకి చేరాయి. పిల్లలు మాత్రం ఆ పేదల పిల్లలే.

అయితే ఒక్క బడి బాగుపడితే వివక్ష పోయిందనుకోవద్దు. 1974లో అమెరికా సుప్రీంకోర్టు, డెట్రాయిట్ కేసులో, శివార్ల తెల్లవాళ్ళ బడుల్ని నగర బడులతో కలపాల్సిన పన్లేదంది. స్థానిక ఆస్తిపన్ను మీద ఆధారపడ్డ బడులకి డబ్బు, డబ్బున్న పేటలోనే ఎక్కువ.

ఆ పరిమితి ఒప్పుకుంటూనే మేం అడిగేది ఒకటే. మన బడుల్లో తల్లిదండ్రుల కమిటీలు కాగితం మీద చాలానే ఉన్నాయి. వేలిముద్ర వేయించుకోడానికేనా పిలుస్తున్నది? కుర్చీ వేసి కూర్చోబెట్టేది ఎప్పుడు?