పదివేల అడుగుల లెక్క ఎక్కడిది?

మా బల్మూరులో ఇప్పుడు ఆడవాళ్ల చేతికి గాజుల పక్కన నల్లటి రబ్బరు బ్యాండ్లు కూడా కనిపిస్తున్నాయి. హైదరాబాదులో ఉద్యోగాలు చేసే పిల్లలు పండక్కి వచ్చినప్పుడు అమ్మ చేతికి ఒకటి తొడిగి, "రోజుకు పదివేల అడుగులు నడువమ్మా" అని చెప్పి పోతున్నారు. సాయంత్రానికి అందులో నాలుగు వేలు కనబడితే ఆ తల్లికి దిగులు. ఇంతకీ ఈ పదివేలు ఎవరు పెట్టిన లెక్క? ఏ డాక్టరు చెప్పాడు?

దూరాన్ని మన పెద్దలు మరో రకంగా కొలిచేవారు. కూతవేటు అంటే పిలిస్తే వినబడేంత దూరం. కోసు అంటే దాదాపు రెండు మైళ్లు. ఆమడ అంటే దానికి ఎన్నో రెట్లు. శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరం మాకు దూరం కాదు. శివరాత్రికి నల్లమల దారిలో కాలినడకన శ్రీశైలం పోయేవాళ్లు లెక్కపెట్టుకునేది అడుగులను కాదు. రాత్రికి ఎక్కడ ఆగాలి, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి అన్నదే వాళ్ల లెక్క.

అడుగులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే అవసరం పటాలు గీసేవాళ్లకు వచ్చింది. 1802లో మద్రాసు దగ్గర విలియం ల్యాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే మన తెలంగాణ మీదుగానే ఉత్తరానికి సాగింది. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్టు 1819లో కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో పనిచేస్తూ తీవ్రమైన జ్వరంతో మంచం పట్టాడు. తర్వాత ఎత్తైన శిఖరానికి పెట్టింది ఆయన పేరే. ఇక్కడంతా బరువైన యంత్రాలతో, గొలుసులతో కొలిచారు. టిబెట్‌లో మాత్రం అది కుదరలేదు. అక్కడికి తెల్లవాళ్లను రానివ్వరు, యంత్రాలు కనబడితే ప్రమాదం.

అప్పుడు కుమావూ కొండల బడిపంతులు నైన్ సింగ్ రావత్‌కు డెహ్రాడూన్‌లో ఒక విద్య నేర్పారు. ఎక్కినా దిగినా అడుగు ఒకే కొలతలో వేయడం, వేసిన ప్రతి అడుగునూ లెక్కపెట్టడం. చేతిలో జపమాల. మామూలుగా 108 పూసలుండాలి, ఆయన మాలకు 100 మాత్రమే. నూరు అడుగులకు ఒక పూస జరిపేవాడు. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు, అంటే దాదాపు అయిదు మైళ్లు. 1865లో బయల్దేరి, 1866 జనవరికి అలా లెక్కపెడుతూనే లాసా చేరాడు. రాసుకున్న లెక్కలను ప్రార్థన చక్రంలో దాచేవాడు. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

సరిగ్గా నూరేళ్లకు అదే పదివేలు జపాన్‌లో మళ్లీ వచ్చింది. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. జనానికి వ్యాయామం మీద కొత్తగా ఆసక్తి పుట్టింది. ఆ ఊపులో 1965లో యమాసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును అమ్మకానికి తెచ్చి, దానికి "మాన్‌పో కే" అని పేరు పెట్టింది. మాన్ అంటే పదివేలు, పో అంటే అడుగు, కే అంటే కొలిచేది. నోటికి పట్టే గుండుసున్నాల అంకె. నడక సంఘాలు దాన్ని అందుకున్నాయి. తర్వాత వచ్చిన బ్యాండ్లు, ఫోన్లు కూడా అదే లక్ష్యాన్ని పెట్టుకున్నాయి. అంటే మన అమ్మలు దిగులుపడుతున్న ఆ అంకె ఆస్పత్రిలో పుట్టలేదు, ఒక వస్తువు పేరులో పుట్టింది.

మరి వైద్యుల లెక్క ఏమిటి? 2019లో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం అమెరికాలో 16,741 మంది పెద్ద వయసు స్త్రీల నడకను పరికరాలతో కొలిచింది. వాళ్ల సగటు వయసు 72. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే 4,400 వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనబడలేదు. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువ నడిచి ఉండవచ్చు కాబట్టి ఫలమంతా నడకదే అనలేం. అయినా నాలుగు వేలు చూసి కుంగిపోవలసిన పని లేదని మాత్రం తెలుస్తోంది.

అలాగని బ్యాండును పెట్టెలో పడేయమని నేను చెప్పడం లేదు. 2007లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 26 అధ్యయనాలను కలిపి చూశారు. అందులో పాల్గొన్న 2,767 మందిలో 85 శాతం స్త్రీలే. అడుగుల మీటరు పెట్టుకున్నవాళ్లు రోజుకు దాదాపు 2,500 అడుగులు ఎక్కువ నడిచారు. ముఖ్యంగా ఏదో ఒక లక్ష్యం పెట్టుకున్నవాళ్లలో ఆ పెరుగుదల కనిపించింది. మరోవైపు 2016లో బరువు తగ్గడంపై వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, రెండేళ్లలో బ్యాండు పెట్టుకున్నవాళ్లు 3.5 కిలోలు తగ్గితే, పెట్టుకోనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. బ్యాండు నడవమని గుర్తుచేస్తుంది, అంతవరకే. తిండి సంగతి మనమే చూసుకోవాలి.

ఇంకో మాట. బ్యాండులో ఉండేది కదలికను పసిగట్టే చిన్న పరికరం. దానికి తెలిసేది మణికట్టు ఊపు. కూర్చుని జొన్నరొట్టెలు తడుతుంటే కొన్ని అడుగులు పడిపోవచ్చు. నిండు బిందెను చంకన పెట్టుకుని, చేయి కదలకుండా పట్టుకుని నడిస్తే వేసిన అడుగులే లెక్కకు రాకపోవచ్చు. 2019 నాటి ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనులు చేసే స్త్రీలకు అందులో రోజుకు 299 నిమిషాలు పోతున్నాయి, అదే పని చేసే పురుషులకు 97. ఈ అయిదు గంటల్లో చాలా భాగం నిలబడే పనే. కాళ్లు పీకుతాయి, కానీ గుండెకు కావలసిన నడక మాత్రం పూర్తి కాదు. మా అత్తమ్మల కాలంలో బావికీ పొలానికీ తిరగడంలోనే ఆ నడక అయిపోయేది. ఇప్పుడు నల్లా ఇంట్లోకి, ఆటో గుమ్మం ముందుకు వచ్చాయి. అవి రావడం మంచిదే. అందులో పోయిన నడకను మాత్రం మనం వేరే తెచ్చుకోవాలి. 2022 నాటి అంచనాల ప్రకారం మన దేశంలో 57 శాతం స్త్రీలకు తగినంత శారీరక శ్రమ లేదు. పురుషుల్లో అది 42 శాతమే.

కాబట్టి పదివేలను పక్కన పెట్టండి. ముందు ఒక వారం మామూలుగా ఉంటూ రోజుకు ఎన్ని పడుతున్నాయో రాసుకోండి. ఆ సగటుకు ఒక అయిదు వందలు కలపండి. అలవాటయ్యాక మరో అయిదు వందలు. షుగరు మాత్రలు వాడేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదట డాక్టరును అడగండి. బ్యాండు లేకపోతే ఫోను చాలు, ఫోనూ లేకపోతే నైన్ సింగ్ మాల ఉండనే ఉంది. నూరు అడుగులకు ఒక పూస.