ఏ దేశానిదీ కాని భాషలో: వసీలీ ఎరొషెంకో

మాతృభాషలో తప్ప కవిత్వం పుట్టదని ఇరవై ఏళ్లుగా తరగతి గదిలో చెబుతూ వస్తున్నాను. ఒకసారి రచయితల శిక్షణ తరగతుల్లో ఒక కుర్రవాడు లేచి, "అయితే ఎస్పెరాంతో కవుల సంగతేమిటి మాస్టారూ?" అని అడిగాడు. "అది బల్ల ముందు కూర్చుని తయారు చేసిన భాష. దానికి నేల లేదు, జోలపాట లేదు, తిట్టు లేదు. నాట్లు వేస్తూ ఆ భాషలో పాడుకునే మనిషి లేడు" అని తేల్చేశాను. సభలో చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక ఆ చప్పట్లే నన్ను బాధించాయి. ఒక్క ఎస్పెరాంతో కవి జీవితం కూడా తెలియకుండా ఇచ్చిన తీర్పు అది. తర్వాత చదవడం మొదలుపెట్టాను. నాకు ఎదురైనవాడు వసీలీ ఎరొషెంకో.

ఎస్పెరాంతో గురించి రెండు మాటలు చాలు. బియాలిస్తోక్ లో యూదు కుటుంబంలో పుట్టిన జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో ఆ భాష తొలి పుస్తకం వెలువరించాడు. పదహారు సూత్రాల వ్యాకరణం, మినహాయింపులు లేవు. రష్యన్లూ, పోలిష్ వాళ్లూ, జర్మన్లూ, యూదులూ భాషల పేరిట ఒకరినొకరు ద్వేషించుకునే వూళ్లో పెరిగినవాడి కల అది.

ఎరొషెంకో 1890లో, ఆనాటి కూర్స్క్ రాష్ట్రంలోని ఒబుఖోవ్కా గ్రామంలో పుట్టాడు. నాలుగో ఏట తట్టు సోకి చూపు పోయింది. మాస్కో అంధుల పాఠశాలలో చదివాడు. ఆ రోజుల గురించి అతను రాసిన చిన్న జ్ఞాపకం ఉపాధ్యాయులందరూ చదవదగ్గది. మానవజాతులన్నిటిలో తెల్లజాతి నాగరికమైనదని పంతులు పాఠం చెబుతాడు. నాగరికత తెల్లరంగు వల్ల వచ్చిందా అని ఒక పిల్లవాడు అడుగుతాడు. అలాగైతే వేసవిలో ఎండకు నల్లబడినప్పుడు మన తెలివి తగ్గుతుందా అన్న సందేహం బయలుదేరుతుంది. రంగు ఎలా వుంటుందో చూడని పిల్లలు వేసిన ప్రశ్న ఇది! పెద్దల మాటను శంకించడం తనకు చీకటే నేర్పిందంటాడు ఎరొషెంకో. నా తరగతిలో ఇలాంటి ప్రశ్న వస్తే నేనేం చేసి వుండేవాణ్ణి? కూర్చోమని గద్దించేవాణ్ణేమో.

మాస్కోలో వాద్యబృందంలో వాయించి పొట్టపోసుకుంటూ ఎస్పెరాంతో నేర్చుకున్నాడు. 1912లో లండన్ వెళ్లాడు. దారి పొడవునా ఆ భాష వచ్చినవాళ్లు స్టేషన్లలో చెయ్యి పట్టుకుని రైలు ఎక్కించారు, దించారు. "నేల లేని భాష" అని నేను ఎగతాళి చేశాను కదా, చూపు లేని మనిషిని ఖండం దాటించింది అదే.

1914లో జపాను చేరాడు. నాటకకర్త అకితా ఉజాకు స్నేహం దొరికింది. షింజుకులో నకమురయా అనే రొట్టెల దుకాణం యజమానులైన సోమా దంపతులు ఆదరించారు. బ్రిటిష్ పోలీసులు వెంటాడుతున్న రాస్ బిహారీ బోసును 1915లో దాచిందీ ఆ ఇంటివారే. 1916లో అక్కడినుంచి సయాం, తర్వాత బర్మా. మౌల్మేన్ లో అంధుల పాఠశాలలో పనిచేశాడు. ఉత్తరాంధ్ర కూలీలు పొట్ట చేత పట్టుకుని "రంగం" ఓడ ఎక్కుతున్న రోజులవి. రష్యాలో విప్లవం రాగానే, రష్యన్ అయిన పాపానికి బ్రిటిష్ ప్రభుత్వం అతన్ని అనుమానించింది, నిర్బంధించింది, ఇండియా నుంచి పంపేసింది. 1919లో మళ్లీ జపాను చేరాడు. 1921 మే నెలలో సోషలిస్టుల సభకు హాజరైనందుకు జపాను పోలీసులు అరెస్టు చేశారు. నిజంగా గుడ్డివాడేనా అని కనురెప్పలు బలవంతంగా విప్పి చూడబోయారట. గూఢచారి అంటే కళ్లున్నవాడై తీరాలి, పాపం వాళ్ల తర్కం అది. వచ్చే నెలలో ఓడ ఎక్కించి వ్లాదివొస్తోక్ పంపేశారు.

ఆ బహిష్కరణ గురించి పత్రికలో చదివాకే చైనాలో లూసున్ అతన్ని గమనించాడు. అతని కథలను జపనీస్ నుంచి చైనీస్ లోకి అనువదించడం ఆరంభించాడు. పరాయిదేశపు గొప్ప కళాకారుణ్ణి పరిచయం చెయ్యడం తన ఉద్దేశం కాదనీ, హింసకు గురైనవారి ఆక్రందనను వినిపించి, బలవంతుల మీద తనవారిలో ఆగ్రహం రగిలించడమేననీ తర్వాత లూసున్ చెప్పుకున్నాడు. అనువాదం ఎందుకు చెయ్యాలన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

లూసున్ అనువదించిన వాటిలో "ఇరుకు బోను" కథ మనదేశంలో జరుగుతుంది. బోనులో వున్న పులి అడవికి తిరిగి వెళ్లినట్టు కలగంటుంది. గొర్రెల దొడ్డి కంచె విరగ్గొడితే గొర్రెలు బయటకు రావు, బెదిరి దగ్గర దగ్గరగా ముడుచుకుంటాయి. రాజు అంతఃపురమూ, సహగమనం చితీ ఆ పులికి ఎదురవుతాయి. ఈ కథకు రాసిన మాటల్లో లూసున్ మనమీద కొరడా ఝుళిపించాడు. మనుషుల్లా బతకలేకపోతున్నందుకు విచారించకుండా, సతిని నిషేధించారని మండిపడేవారు శత్రువు లేకపోయినా బోనులోని బానిసలేనన్నాడు. స్వదేశపు సతిని పొగిడిన రవీంద్రుని కన్నా, పరదేశపు సతిని ఎదిరించిన ఈ అమాయక రష్యన్ అంధుడే తనకు ఎంతో ఇష్టమన్నాడు. రవీంద్రుని విషయంలో ఈ మాట పూర్తి న్యాయం కాదని నా అభిప్రాయం. ఆయన మొత్తం రచనను ఒక్క తూకంలో వెయ్యడం తొందరపాటే. 1829 నిషేధానికి ముందు రామమోహనుడు ఇక్కడే పోరాడాడన్నదీ మరవకూడదు. కానీ దెబ్బ తగలవలసిన చోటే తగిలిందని ఒప్పుకోక తప్పదు.

1922లో త్సాయ్ యువాన్ పెయ్ పిలుపుపై ఎరొషెంకో పెకింగ్ విశ్వవిద్యాలయంలో ఎస్పెరాంతో బోధించడానికి వెళ్లాడు. లూసున్ సోదరుల ఇంట్లోనే బస. ఉపన్యాసాలను లూసున్ తమ్ముడు చౌ త్సో జెన్ అనువదించేవాడు. మొదట కిక్కిరిసిన తరగతి తర్వాత పలచబడింది. విద్యార్థుల నాటక ప్రదర్శనను విమర్శిస్తే, ఒక విద్యార్థి పత్రికలో జవాబిస్తూ ఈయన నాటకం "చూశాడట" అని ఆ మాటకు కొటేషన్ గుర్తులు తగిలించాడు. 1923 జనవరిలో లూసున్ ఆ వెటకారాన్ని చీల్చి చెండాడాడు. విమర్శకు జవాబు లేనప్పుడు విమర్శకుడి ఒంటి మీద పడటం మన సాహిత్య లోకంలోనూ చూస్తున్నదే.

పెకింగ్ ఎడారిలా నిశ్శబ్దంగా వుందనీ, బర్మా రాత్రుల్లో పురుగుల సంగీతం ఆగేది కాదనీ అతను బాధపడేవాడని "బాతుల ప్రహసనం" కథలో లూసున్ రాశాడు. కప్పల పాట వినాలని చిన్న కొలనులో తోకకప్పలు వదిలాడు. తర్వాత తనే కొన్న బాతుపిల్లలు వాటిని మింగేశాయి. 1923 ఏప్రిల్ లో అతను వెళ్లిపోయాడు. కథ చివర నాలుగు బాతులు మాత్రం అరుస్తుంటాయి.

అదే 1923లో షాంఘైలో అతని ఎస్పెరాంతో రచనల సంపుటం "ఒక ఒంటరి ఆత్మ మూలుగు" వెలువడింది. పేరులోనే లోపమూ బలమూ వున్నాయి. నిజం చెప్పాలంటే అతని కవితలు కొద్ది, కన్నీరు ఎక్కువ. శిల్పం దృష్టితో చూస్తే ఆ భాషలో హంగరీ వైద్యుడు కలొచై, 1956లో "శిశుజాతి" కావ్యం రాసిన స్కాట్లండ్ కవి విలియం ఆల్డ్ ఎంతో పెద్దవాళ్లు. కానీ ఎరొషెంకో రాసిన భాష ఎవరి అధికార భాషా కాదు. అతన్ని తరిమిన బ్రిటిష్ వారికీ జపాను వారికీ సైన్యాలున్న భాషలున్నాయి. ఆ తేడా అతని రచనలో వినిపిస్తుంది. అందులో పై నుంచి మాట్లాడే గొంతు లేదు.

స్వదేశం తిరిగి వెళ్లాక మాస్కోలో తూర్పుదేశాల శ్రామికుల విశ్వవిద్యాలయంలో జపనీస్ అనువాదకుడుగా పనిచేశాడు. తర్వాత చుకోత్కా మంచు ప్రాంతాలు తిరిగాడు. ఇక్కడ మనం దాటవెయ్యకూడని విషయం ఒకటి వుంది. 1936లో నాజీలు ఎస్పెరాంతో సంఘాలను నిషేధించారు, 1942లో జామెన్‌హోఫ్ కూతురు లిదియాను ట్రెబ్లింకాలో చంపారు. అది మనకు ఆశ్చర్యం కాదు. కానీ సోవియట్ దేశంలో కూడా 1937, 38 సంవత్సరాల్లో ఎస్పెరాంతిస్టులను పరాయి గూఢచారులని పట్టుకుపోయారు. 1897లో పుట్టిన ఉక్రేనియన్ కవి మిహాల్స్కీ విప్లవాన్ని నమ్మి ఆ భాషలో రాసినవాడు, అతన్ని 1937లో కీవ్ లో కాల్చి చంపారు. అంతర్జాతీయత గురించి అన్ని వ్యాసాలు రాసిన మనవాళ్లు దీని గురించి చాలాకాలం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ ఏళ్లలో ఎరొషెంకో సోవియట్ సరిహద్దు దక్షిణపు కొసన, ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్ లోని కూష్కాలో, అంధబాలల పాఠశాల నడుపుతున్నాడు. తుర్క్‌మెన్ భాషకు బ్రెయిల్ లిపి కూర్చాడు. ఎవరిదీ కాని భాషలో రాసినవాడు చివరికి ఒక చిన్న జాతి పిల్లల మాతృభాషను వారి వేళ్ల కొసలకు అందించాడు. 1952 డిసెంబర్ 23న సొంత వూళ్లో చనిపోయాడు. 1959లో జపానులో అతని రచనలు మూడు సంపుటాలుగా వచ్చాయి. సొంత జిల్లా కేంద్రమైన బెల్గొరొద్ లో రష్యన్ పుస్తకం 1962లో గాని రాలేదు. జపనీస్ లోనూ ఎస్పెరాంతోలోనూ అతను రాసిన కథలను, అతని వూరివాళ్లు చదువుకోవడానికి, వాళ్ల భాషలోకి అనువదించవలసి వచ్చింది.