ఊరికీ వాడకీ నడుమ వంక

బంగారుపాళ్యం చరిత్ర అనగానే పాళెగాళ్ళ దగ్గర మొదలుపెడతారు. 1804-05లో కంపెనీ సైన్యం చిత్తూరు పాళేల మీదికొచ్చిన కథ చెబుతారు. ఇక్కడి వంకల్ని ఎవరు, ఎట్లా దాటారన్నది మన చరిత్రకారులకు పట్టలేదు.

మొగిలి కనుమ కింద గట్టి వాన పడితే వంకలు చూస్తుండగానే పొంగుతాయి. మా వాడ వంకకు అవతల. ఇంటరు చదివే రోజుల్లో పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని దాటాను. నీళ్ళు తగ్గేదాకా కూలికి పోయేది లేదు, చచ్చినోళ్ళను సాగనంపేదీ లేదు.

నీళ్ళ దగ్గర మనవాళ్ళ చాకిరీకి మాత్రం చట్టమే ఉండింది. చెరువు కట్ట తెగేట్టుంటే 'శ్రామిక వర్గాల' మగవాళ్ళను గ్రామాధికారి పనికి పిలవొచ్చని 1858 మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం చెప్పింది. ఆ మాటకు అర్థం పల్లెల్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. 1876-78 కరువులో రోడ్లకు కంకర కొట్టిన కూలీలకు రిచర్డ్ టెంపుల్ రోజుకు పౌను ధాన్యం లెక్కన కూలి తగ్గించాడు. అట్లా వేసిన రోడ్ల మీద నడిచే హక్కు కోసం 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసన మండలిలో తీర్మానం పెట్టాల్సి వచ్చింది. తీర్మానం నెగ్గింది. వాడ వంక మీద మోరీ సంగతి అందులో లేదు.

మోరీ లెక్క ఎట్లా వేస్తారో మనమూ తెలుసుకోవాలి. దక్షిణాదిలో 1884 నాటి రైవ్స్ సూత్రం వాడతారు. పరీవాహక ప్రాంతం 8 చదరపు కిలోమీటర్లనుకుంటే, సముద్రానికి 80-160 కిలోమీటర్ల దూరంలో గుణకం 8.5, సెకనుకు 34 ఘనపు మీటర్ల నీళ్ళు. కొండల దగ్గరంటే గుణకం 10.2, నీళ్ళు దాదాపు 41. మనకు రెండూ వర్తిస్తాయి, ఏది తీసుకుంటారన్నది లెక్క వేసేవాళ్ళ ఇష్టం. మీటరు వ్యాసం గొట్టంలో సెకనుకు 2 మీటర్ల వేగంతో పోయేది ఒకటిన్నర ఘనపు మీటర్ల పైచిలుకే. 34కి ఇరవై రెండు గొట్టాలు కావాలి. మా వాడ దారిలో వేసింది రెండు. పైన చెరువు తెగితే ఏ సూత్రమూ పనికిరాదు. ఇవి గొలుసుకట్టు చెరువులు, ఒకదాని మరవ నీళ్ళు ఇంకోదానికి పోతాయి.

2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చింది. పక్కా రోడ్డుకు 500 మీటర్లలోపు ఉన్న ఆవాసానికి రోడ్డు ఉన్నట్టే లెక్క అని దాని మార్గదర్శకాలు. మన వాడలు చాలావరకు ఊరికి అంత దగ్గరలోనే ఉంటాయి. ఊరికి రోడ్డొస్తే వాడకూ వచ్చినట్టే. నడుమ వంక లెక్కలో లేదు.

వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ముసలివాళ్ళను అడిగి గుర్తు పెట్టుకోవడం ఇంజనీర్ల పద్ధతిలో ఉన్నదే. చెరువు తూములెత్తి దించిన నీరుగంట్లు మా వాడలోనే ఉన్నారు. 2015 నవంబరు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో, 2021 నవంబరువి ఎక్కడిదాకానో ఒక నీరుగంటి తాత చింతమొద్దు మీద చెయ్యి పెట్టి నాకు చూపించాడు. కొలతలకు వచ్చినవాళ్ళు ఊరి రచ్చబండ దగ్గర నలుగుర్ని అడిగి, కాగితం రాసుకుని, వంక దాటకుండానే వెనక్కి పోయారు.