బడిలో కుల హింస జరగకముందే ఆపే పైసలు ఏ పద్దులో ఉన్నాయి?

దళిత బిడ్డపై దాడి జరిగాక ప్రభుత్వం ఎంత ఇవ్వాలో లెక్క ఉంది. 1995 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ నియమాలను 2016లో సవరించాక, నేరాన్ని బట్టి పరిహారం 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల దాకా ఉంటుంది. దాడి జరగకముందే ఆపడానికి ఎంత ఇవ్వాలి? దానికి పట్టిక లేదు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లోనో, బోధన్ శక్కర్‌నగర్‌లోనో బడిపిల్లలతో పనిచేయాలనుకునే మిత్రుల కోసం, అడగదగిన పద్దులను ఇక్కడ చెబుతున్నాం.

ముందు విద్యాశాఖ. 2018-19లో మొదలైన సమగ్ర శిక్షలో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. అందులో కుల వివక్ష నివారణ అని విడిగా పద్దు లేదు. బడి భద్రత పేరిట ఒక్కో బడికి ఏడాదికి 2,000 రూపాయల దాకా ఇవ్వొచ్చు. 300 మంది చదివే హైస్కూల్లో తలకు ఏడు రూపాయలు కూడా రాదు. ఆడపిల్లల ఆత్మరక్షణ శిక్షణకు నెలకు 5,000 చొప్పున మూడు నెలలు ఇస్తారు. కరాటే నేర్పితే మంచిదే. కులం పేరుతో తిట్టే నోటిని కరాటే ఆపదు. పిల్లల సంఖ్యను బట్టి 10 వేల నుంచి లక్ష దాకా వచ్చే స్కూల్ గ్రాంటు ఉంది గానీ, చాక్‌పీసులు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు దాటి అది మిగలడం కష్టం.

అసలు దారి అట్రాసిటీ నియమాల్లోనే ఉంది. మనవాళ్లు ఎఫ్ఐఆర్, పరిహారం దగ్గర ఆగిపోయి 3వ నియమం దాకా పోవడం తక్కువ. దాడులు జరగొచ్చని అనుమానమున్న ప్రాంతాలను ప్రభుత్వం ముందే గుర్తించాలని ఆ నియమం చెబుతుంది. అవగాహనా కేంద్రాలు పెట్టాలి, వర్క్‌షాపులు జరపాలి. ఆ పని చేసే స్వచ్ఛంద సంస్థలను ప్రోత్సహించి ఆర్థిక సాయం ఇవ్వాలి. పౌరహక్కుల రక్షణ చట్టం, అట్రాసిటీ చట్టం అమలుకు కేంద్ర ప్రాయోజిత పథకం ఉంది. రాష్ట్రం ఎప్పటి నుంచో భరిస్తున్న ఖర్చు పోను, మిగతాది కేంద్రం, రాష్ట్రం సగం సగం పెట్టుకోవాలి. ప్రత్యేక కోర్టులు, ఎస్సీ, ఎస్టీ రక్షణ విభాగాలు, పరిహారంతో పాటు అవగాహన కార్యక్రమాలూ అందులో భాగమే. బడి పిల్లలతో, టీచర్లతో జరిపే వర్క్‌షాపు ఆ కిందికి ఎందుకు రాదు?

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, మన ఊరు ఆ గుర్తించిన ప్రాంతాల జాబితాలో ఉందా లేదా అన్నది.

నిజామాబాద్ జిల్లాలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. గ్రామాభివృద్ధి కమిటీలు, అంటే వీడీసీలు, జరిమానాలు వేయడం, మాట వినని కులాలను బహిష్కరించడం ఇక్కడ ఏళ్లుగా వార్తల్లో ఉన్నదే. వీడీసీలకు చట్టంలో ఎలాంటి అధికారమూ లేదు. ఎస్సీ, ఎస్టీల సాంఘిక, ఆర్థిక బహిష్కరణను, వాళ్లను బడిలోకి రానివ్వకపోవడాన్ని 2015 సవరణ నేరాలుగా రాసింది. ఊళ్లో కిరాణా కొట్టు సరుకులివ్వనప్పుడు, ఆ ఇంటి బిడ్డ పక్కన బెంచీ మీద కూర్చునే పిల్లలకు ఇంట్లో ఏం చెప్పి పంపుతారో ఊహించడం కష్టం కాదు. బహిష్కరణను పెద్దల తగాదాగా, బడి గొడవను పిల్లల అల్లరిగా వేరు చేసి చూస్తే రెండూ అర్థం కావు. కమిటీ ఇచ్చే చందా మీద ఆధారపడ్డ బడిలో హెడ్‌మాస్టర్ ఎంత గట్టిగా మాట్లాడగలడన్నదీ ఆలోచించాలి. బహిష్కరణ జరిగిన ఊరిని గుర్తించిన ప్రాంతంగా ప్రకటించమని అడిగితే, ఆ ఊరి బడికి నివారణ నిధులు అడిగే హక్కు బలపడుతుంది.

అడిగే చోటు కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ. మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. డివిజన్ స్థాయిలోనూ కమిటీ ఉండాలి, అంటే బోధన్ వాళ్లు ప్రతిసారీ నిజామాబాద్ దాకా పోనక్కర్లేదు. నెలాఖరున ఊళ్లలో జరిపే సివిల్ రైట్స్ డేను పంచాయతీ ఆఫీసులో కాకుండా బడిలో పెట్టమనడానికి కొత్త పైసలేవీ అక్కర్లేదు.

ఇంకో పద్దు ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి. 2013 నాటి సబ్‌ప్లాన్ చట్టం స్థానంలో తెలంగాణ 2017లో తెచ్చిన చట్టం ప్రకారం, ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాది కలిపివ్వాలి. హాస్టళ్లు, గురుకులాల్లో కౌన్సెలర్ల కోసం దీన్ని అడగొచ్చని మా అభిప్రాయం.

విదేశీ నిధుల మీద చిన్న సంఘాలు ఆశ పెట్టుకోవద్దు. 2020 సవరణ తర్వాత, ఆ నిధులు పొందిన పెద్ద సంస్థ వాటిని మరో సంస్థకు పంచే వీల్లేదు. ఫ్యాక్టరీల సీఎస్ఆర్ సంగతంటారా, నిజాం షుగర్స్ 2015 చివర మూతపడ్డ ఊళ్లో ఎవరిని అడుగుతాం!

బయట ఏం జరుగుతోందో కూడా చూద్దాం. పార్క్‌లాండ్ బడిలో 17 మంది కాల్పులకు బలయ్యాక అమెరికా 2018లో బడి హింస నివారణకు ప్రత్యేక గ్రాంట్ల చట్టం చేసింది. తమిళనాడులో 2023లో నాంగునేరి దళిత విద్యార్థిపై తోటి విద్యార్థులే కొడవళ్లతో దాడి చేశాక, జస్టిస్ చంద్రు కమిటీ వేశారు. 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో కులం రంగుల చేతి దారాలను నిషేధించాలని, 500 మందికి పైగా ఉన్న ప్రతి బడికీ ఒక సంక్షేమ అధికారిని పెట్టాలని సూచించారు. మనకు అలాంటి కమిటీని అడగడానికి ఒక బిడ్డ నెత్తురు కారేదాకా ఆగాలా?

సమాచార హక్కు దరఖాస్తులో ఈ నాలుగూ రాయండి: జిల్లాలో గుర్తించిన ప్రాంతాల జాబితా; గత మూడేళ్లలో అవగాహన కింద మంజూరైన, ఖర్చయిన మొత్తాలు; విజిలెన్స్ కమిటీ సమావేశాల తేదీలు, మినిట్స్; బడుల వారీగా భద్రతా గ్రాంటు వినియోగ పత్రాలు. బడి కమిటీలో దళితవాడ తల్లులు ఎంతమంది ఉన్నారో మాత్రం దరఖాస్తుతో పనిలేకుండా మీరే వెళ్లి అడగొచ్చు. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ వాళ్లకు దామాషా ప్రకారం చోటు ఇవ్వమంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. వస్తే, జిరాక్సు తీసి తర్వాతి విజిలెన్స్ కమిటీ సమావేశానికి పట్టుకెళ్లండి.