తాండూరు కంది - విదేశీ వాణిజ్యం

తెలంగాణ రాష్ట్రం, వికారాబాదు జిల్లాలోని తాండూరు ప్రాంతం కంది పంటకు ప్రసిద్ధి. ఇక్కడి రైతుకు లభించే ధర స్థానిక దిగుబడిపైనే కాక మయన్మార్, తూర్పు ఆఫ్రికా దేశాల నుండి వచ్చే దిగుమతులపై కూడా ఆధారపడి ఉంటుంది. ప్రపంచంలో కందిని అత్యధికంగా పండించే దేశమూ, వినియోగించే దేశమూ భారతదేశమే.

పంట కాలం

తాండూరు, యాలాల, బషీరాబాదు మండలాల నల్లరేగడి నేలలలోను, కుల్కచర్ల, పరిగి వైపు మెట్ట భూములలోను కందిని వర్షాధారంగా సాగుచేస్తారు. జూన్, జూలై నెలలలో విత్తిన పంట డిసెంబరు, జనవరి నెలలలో చేతికి వస్తుంది. మొజాంబిక్, మలావి దేశాల పంట అంతకు కొన్ని నెలల ముందే కోతకు వచ్చి ఓడలలో భారతదేశానికి చేరుతుంది. అందువలన కొత్త పంట మార్కెట్టుకు వచ్చే వేళకు పప్పు మిల్లుల వద్ద విదేశీ సరుకు నిల్వ ఉంటుంది. అప్పులు తీర్చవలసిన చిన్న రైతు సరుకు దాచుకొనలేక కోతకాలపు ధరకే అమ్ముకొంటాడు.

ప్రభుత్వ విధానం

2006లో పప్పుధాన్యాల ఎగుమతిని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. 2015లో కందిపప్పు చిల్లర ధర కిలో 200 రూపాయలకు చేరగా, 2016లో మొజాంబిక్‌తో దిగుమతి ఒప్పందం కుదిరింది. అదే ఏడు దేశంలోనూ పంట విరగపండడంతో మార్కెట్టు ధర, బోనసుతో కలిపి 5,050 రూపాయలుగా ఉన్న క్వింటాలు మద్దతు ధర కన్న దిగువకు పడిపోయింది. 2017లో ప్రభుత్వం దిగుమతులపై 10 శాతం సుంకం, తరువాత ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి విధించి, ఎగుమతి నిషేధాన్ని ఎత్తివేసింది.

2021 మే నెలలో ఆ పరిమితి తొలగింది. దిగుబడి తగ్గిన కారణంగా 2024లో క్వింటాలు ధర 10,000 రూపాయలు దాటింది. 2025 ఆరంభంలో కొత్త పంట, దిగుమతులు కలిసి రాగా, పలు మార్కెట్లలో ధర 7,550 రూపాయల మద్దతు ధర కన్న తగ్గింది. ధర పెరిగినపుడు పట్టణ వినియోగదారుని కోసం దిగుమతి ద్వారాలు త్వరగా తెరుచుకొంటాయి. ధర పడినపుడు అవి మూసుకొనేసరికి రైతు పంట అమ్ముడైపోతుంది.

భౌగోళిక గుర్తింపు

2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించింది. దీనికై యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ దరఖాస్తు చేసింది. అయితే ఈ గుర్తింపు పేరును కాపాడుతుందే గాని ధరకు హామీ ఇవ్వదు. మిల్లులో ఇతర కందులతో కలిసిన తాండూరు కందికి ప్రత్యేక ధర రాదు. వేరుగా మరపట్టి, అదే పేరుతో అమ్మినపుడే రైతుకు ప్రయోజనం కలుగుతుంది.

ఇవి కూడా చూడండి

తాండూరు
కుల్కచర్ల
కంది
కనీస మద్దతు ధర